పట్టాభిషేకం దగ్గర ఆగిన కథ, చీపురు దింపిన చేతులు

1988 జూలై 31, ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ ‘రామాయణ్’ చివరి భాగం ప్రసారమైంది. అంతకుముందు ఏడాది జనవరి 25న మొదలైన ఆ ధారావాహికకు తొలుత 52 భాగాలకే ఒప్పందం కుదిరింది. ఆదరణ చూసి పొడిగిస్తూ పోగా అది 78 భాగాలకు చేరింది. ఆ ఏడాదిన్నర కాలం ఆదివారం ఉదయాల్లో వీధులు నిర్మానుష్యమయ్యేవనీ, జనం తలంటుకుని, టీవీ పెట్టెకు పూలదండ వేసి, హారతి ఇచ్చి కూర్చునేవారనీ ఇప్పుడు అందరూ చెప్పే మాటే. హిందీ ముక్క రాని తెలుగు పల్లెల్లో సైతం టీవీ ఉన్న ఒక్క ఇంటి అరుగు ఆ వేళకు నిండిపోయేది. రావణుడు కూలాడు, రాముడు అయోధ్యకు తిరిగి వచ్చాడు, పట్టాభిషేకం జరిగింది. ప్రేక్షకుల్లో అత్యధికులకు అది నిండు ముగింపు. కథ కంచికి, మనం ఇంటికి.

పంజాబ్‌లోని జలంధర్ నగరంలో కొందరు ప్రేక్షకులకు మాత్రం కథ కంచికి చేరలేదు. వారు ఆ నగరపు పారిశుద్ధ్య కార్మికులు. వాల్మీకి మహర్షిని తమ ఆదిగురువుగా కొలిచే దళితులు. ధారావాహిక ఏడో కాండను వదిలేసి ముగియనున్నదని తెలిసిన ఆ వేసవిలో వారు చీపుర్లు కింద పెట్టారు. ఉత్తరకాండను కూడా చిత్రీకరించాలని, ఆ అదనపు భాగాలకు ప్రభుత్వమే పూనుకోవాలని వారి డిమాండు. సమ్మె జలంధర్‌తో ఆగక ఉత్తర భారతంలోని అనేక పెద్ద నగరాలకు పాకింది. చెత్త పేరుకున్నది. ప్రజారోగ్యానికి పెద్ద ముప్పు రానున్నదని గ్రహించిన ప్రభుత్వం సాగర్‌ను పిలిచి మిగిలిన కథ తీయమన్నది. 1988 అక్టోబరులో మొదలై 1989 వరకు సాగిన ఆ రెండో ధారావాహికే ‘లవ్ కుశ్’. తరువాతి కాలంలో దాన్నే ‘ఉత్తర రామాయణ్’ అని పిలుస్తున్నారు.

ఒక టీవీ ధారావాహిక ముగింపు నచ్చక ప్రేక్షకులు ఉత్తరాలు రాయడం, కోర్టుకెక్కడం మనకు కొత్త కాదు. పని ఆపి, ఒక రాజ్యం చేత కథను పొడిగింపజేసిన ప్రేక్షకులు వేరొకరున్నారేమో నాకు తెలియదు. అయినా ఈ ఉదంతం మన సామాజిక చరిత్రలో ఒక వింత వార్త స్థాయిని దాటలేదు. పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో 1991లో వచ్చిన ‘మెనీ రామాయణాస్’ గ్రంథం ఈ సమ్మె ప్రస్తావనతోనే మొదలవుతుంది. రొమిలా థాపర్ 1989లో ‘సెమినార్’ పత్రికలో రాసిన వ్యాసం, ప్రభుత్వ పోషణలో తయారైన ఒకే ఒక్క రామాయణం తక్కిన రామాయణాలన్నింటినీ మింగేసే ప్రమాదాన్ని ఎత్తి చూపింది. ఆ చర్చ అంతా ‘ఎన్ని రామాయణాలు’ అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. చీపురు దింపిన చేతుల కులం ఏమిటి, ఆ చేతులు ఆ ప్రత్యేక కాండనే ఎందుకు కోరాయి అన్న ప్రశ్న వద్ద ఆగినవారు తక్కువ.

ముందుగా సాగర్ ఎందుకు అక్కడ ఆగాడో చూడాలి. ఆయన ప్రధానంగా ఆధారపడింది తులసీదాస్ ‘రామచరితమానస్’ మీద. తులసీదాస్ సీతా పరిత్యాగ కథ జోలికి పోలేదు. బాల, ఉత్తర కాండలు మూలంలో తరువాత చేరినవని పండితుల్లో బలమైన అభిప్రాయం ఉన్నది. భక్తుల ఇబ్బంది వేరు. అగ్నిపరీక్షలో నెగ్గిన గర్భవతిని అడవిలో వదిలిపెట్టిన రాముణ్ని పూజగదిలో నిలుపుకోవడం కష్టం. పట్టాభిషేకం దగ్గర ఆపడం వల్ల ఆ కష్టం తప్పుతుంది.

తెలుగు సాహిత్యం చదివినవారికి ఇది పరిచితమైన సంగతే. భాస్కర రామాయణం ఆరు కాండలతో ముగుస్తుంది. కుమ్మరి మొల్ల రామాయణం యుద్ధకాండతో ముగుస్తుంది. గోన బుద్ధారెడ్డి ‘రంగనాథ రామాయణం’ అక్కడే ఆగితే ఉత్తరకాండను ఆయన కుమారులు రాశారు. తిక్కన తన తొలి కావ్యంగా ‘నిర్వచనోత్తర రామాయణము’ను ఎంచుకున్నాడు గాని రామ నిర్యాణం దాకా పోలేదు. పద్దెనిమిదో శతాబ్దపు కంకంటి పాపరాజు ‘ఉత్తర రామాయణము’ను పండితులు తలకెత్తుకున్నారు. కథను ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో కవి నిర్ణయించుకుంటాడు. ఆ నిర్ణయంలో అతని కాలమూ, పోషకుడూ, శ్రోతలూ ఉంటారు. సాగర్ నిర్ణయంలోనూ ఉన్నారు. తేడా ఏమిటంటే, ఎనిమిది వందల ఏళ్ల తెలుగు రామాయణ సంప్రదాయంలో ఒక కావ్యం ఆగినచోట మరొకటి మొదలయ్యేది. 1988లో దేశానికి ఉన్నది ఒకే టీవీ సంస్థ. అది ఆపితే ఆగినట్టే.

ఇక జలంధర్. ఆ నగరం ఈ సమ్మెకు పుట్టినిల్లు కావడం యాదృచ్ఛికం కాదు. దేశంలో షెడ్యూల్డు కులాల జనాభా నిష్పత్తి అన్ని రాష్ట్రాల కంటే పంజాబ్‌లో అధికం. 2011 లెక్కల ప్రకారం దాదాపు 32 శాతం. 1926లో మంగూరాం నాయకత్వంలో మొదలైన ఆద్ ధర్మ ఉద్యమానికి జలంధర్ కేంద్రం. మేము హిందువులం కాము, సిక్కులం కాము, ఈ నేల ఆదివాసులం అని ప్రకటించిన ఆ ఉద్యమం 1931 జనగణనలో నాలుగు లక్షలకు పైగా ప్రజల చేత తమ మతం ‘ఆద్ ధర్మ్’ అని రాయించగలిగింది. ఆ ఉద్యమం తన గురువులుగా నిలుపుకున్నవారిలో రవిదాస్, కబీర్, నామ్‌దేవ్‌లతో పాటు వాల్మీకి ఉన్నాడు. మరొక వైపు, పాకీపని చేయించిన కులాన్ని హిందూమతంలో నిలిపి ఉంచడానికి ఆర్య సమాజం కూడా వాల్మీకి పేరునే ముందుకు తెచ్చింది. అంటే ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆ పేరు ఏకకాలంలో తిరుగుబాటు జెండాగానూ, మచ్చిక చేసే పగ్గంగానూ పనిచేసింది. విజయ్ ప్రషాద్ ఢిల్లీ వాల్మీకులపై రాసిన ‘అన్‌టచబుల్ ఫ్రీడం’ ఈ రెండో ప్రక్రియను వివరంగా చర్చించింది. వాల్మీకి పేరు చెప్పగానే ‘సంస్కృతీకరణ’ అని కొట్టిపారేసేవారు మొదటిదాన్ని మరిచిపోతుంటారు.

పంజాబ్ వాల్మీకి మందిరాల్లో మహర్షి చేతిలో కలం ఉంటుంది. ఆ బొమ్మను ఊరికే దాటిపోకూడదు. తరతరాలుగా అక్షరానికి దూరంగా, మలానికి దగ్గరగా ఉంచిన ప్రజ, దేశం నెత్తిన పెట్టుకున్న గ్రంథాన్ని రాసినవాడు మావాడు అని చెప్పుకుంటున్నది. మీరు పూజించే దేవుడి కథ మా ఇంట్లో పుట్టింది అన్నది ఆ మాటకు అర్థం. రామాయణం అంతటికీ కర్త వాల్మీకే అయినా, ఆయన కథలోకి దిగి కార్యకర్త అయ్యేది ఉత్తరకాండలోనే. రాజు వెళ్లగొట్టిన స్త్రీకి ఆశ్రయమిస్తాడు. ఆమె పిల్లల్ని పెంచుతాడు, చదువు చెబుతాడు, కావ్యం నేర్పుతాడు. చివరకు రాజసభలో నిలబడి, ఆమె నిర్దోషి అని తన తపస్సును పణంగా పెట్టి సాక్ష్యం చెబుతాడు. రాజు తప్పును రాజు ముఖం మీద చెప్పగల కవి అక్కడ కనిపిస్తాడు. పట్టాభిషేకం దగ్గర తెర దించితే రాజు మిగులుతాడు, కవి మాయమవుతాడు. ఆ మాయాన్నే జలంధర్ కార్మికులు ఒప్పుకోలేదని నేను అర్థం చేసుకుంటున్నాను.

ఇక్కడే హేతువాద, అంబేడ్కరీయ పక్షం నుంచి బలమైన అభ్యంతరం ఉన్నది. దాన్ని తప్పించుకుని ముందుకు పోవడం నిజాయితీ కాదు. ఏ కాండను చూపమని వారు సమ్మె చేశారో ఆ కాండలోనే శంబూకుడి తల తెగిపడింది. బ్రాహ్మణ బాలుడు చనిపోవడం, శూద్రుడు తపస్సు చేస్తున్నందువల్లే ఈ అరిష్టమని నారదుడు చెప్పడం, రాముడు వెతికి పట్టుకుని, ‘నీ కులమేమిటి’ అని అడిగి, జవాబు వినగానే కత్తి దూయడం, దేవతలు హర్షించడం, బాలుడు బతకడం అన్నీ ఉత్తరకాండలోనివే. అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో ఈ ఘట్టాన్ని ఎత్తుకుని, చాతుర్వర్ణ్యం దండనీతి లేకుండా ఒక్కరోజు నిలవదనడానికి శంబూక వధే రుజువని వాదించాడు. రాముణ్ని వ్యక్తిగా తిట్టేవారికి అసలు విషయం అర్థం కాలేదనీ, వర్ణధర్మం కాపాడే రాజు చేయవలసిన పనే ఆయన చేశాడనీ అంబేడ్కర్ తర్కం. పైగా ఆ కాండలోనే వాల్మీకి రామునితో తాను ప్రచేతసుని పదో కొడుకునని చెప్పుకుంటాడు. దళితులు తమవాడనుకుంటున్న ఋషికి ఆ కాండ బ్రాహ్మణ వంశాన్ని కట్టబెడుతున్నది. మరి దాని కోసమా సమ్మె?

ఈ ప్రశ్న అడిగే హక్కు తెలుగువారికి తగినంత ఉన్నది. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లోనే ‘శంబుక వధ’ నాటకం రాసి, తపస్సు చేసిన శూద్రుణ్ని కథానాయకుణ్ని చేశాడు. కన్నడంలో కువెంపు ‘శూద్ర తపస్వి’, ఉత్తరప్రదేశ్‌లో పెరియార్ లలై సింగ్ రచనలు ఆ తరువాతివి. రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ మూడు సంపుటాలు మన విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు. ఈ వారసత్వంలో పెరిగినవాడికి జలంధర్ సమ్మె మొదట నిరాశ కలిగిస్తుంది. ఒకసారి తరగతిలో ఈ ఉదంతం చెప్పినప్పుడు ఒక పరిశోధక విద్యార్థి సూటిగా అన్నాడు: ‘సార్, వాళ్లు రామాయణం ఆపమని సమ్మె చేయాల్సింది, ఇంకా చూపమని కాదు.’ తరగతి నవ్వింది. వెనుక వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి నవ్వలేదు. ‘ఆపమని చేసుంటే ఎవరు వినేవారు?’ అని అడిగింది.

ఆ అమ్మాయి ప్రశ్నలో ఈ ఉదంతపు ముడి ఉన్నదని నా అభిప్రాయం. పారిశుద్ధ్య కార్మికుల సమ్మెల పట్ల ఈ దేశం ఏనాడూ ఉదారంగా లేదు. 1946లో అలాంటి సమ్మెల సందర్భంలో గాంధీ ‘హరిజన్’ పత్రికలో, పాకీపనివాడు ఒక్కరోజు కూడా పని మానరాదని తన వైఖరిని తేల్చి చెప్పాడు. ఆయన అస్పృశ్యతను వ్యతిరేకించాడు, మరుగుదొడ్లు స్వయంగా కడిగాడు. సమ్మె హక్కు దగ్గరకు వచ్చేసరికి మాత్రం నగర ఆరోగ్యం కార్మికుని హక్కును మింగింది. స్వాతంత్ర్యానంతరం అదే వాదానికి అత్యవసర సేవల చట్టాలు రూపమిచ్చాయి. జీతం బకాయిల కోసం, చేతి తొడుగుల కోసం, కాంట్రాక్టు రద్దు కోసం మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగిన ప్రతిసారీ ఎస్మా బెదిరింపు వినిపించడం మన రెండు రాష్ట్రాల్లోనూ చూస్తున్నదే. అలాంటి రాజ్యం 1988లో ఈ ఒక్క సమ్మెకు త్వరగా దిగివచ్చింది. కారణం చెత్త ఒక్కటే అయితే తక్కిన సమ్మెలకూ దిగిరావాలి కదా? చెత్త అప్పుడూ పేరుకుంటుంది, కంపూ అంతే కొడుతుంది.

దిగిరావడానికి రెండో కారణం ఆ డిమాండు స్వభావంలో ఉన్నది. పాలక సంస్కృతికి అతి తక్కువ ఖర్చుతో తీర్చగల కోరిక అది. మరికొంత రామాయణం ఇవ్వమన్నారు, ఇచ్చారు. దాని బదులు చీపురు మా చేతికే ఎందుకు అని అడిగి ఉంటే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల స్టూడియో ఏదీ లేదు. అందుకే ఈ విజయాన్ని నేను పూర్తి విజయంగా చూడలేను. పూర్తి ఓటమిగానూ చూడలేను. గెలిచింది కథ మీద హక్కు, గెలిపించింది శ్రమశక్తి. రాజ్యం విన్నది మాత్రం వారి వాదాన్ని కాదు, దుర్వాసనను. ఈ దేశంలో చరిత్ర కర్తృత్వం గురించి, సాహిత్య వారసత్వం గురించి మాట్లాడదలచిన దళితుడు ముందుగా మీ వీధి ఊడ్చడం ఆపవలసి వచ్చింది. అప్పటిదాకా ఆ మాట ఎవరి చెవినా పడలేదు.

అదే వేసవిని మరో వైపు నుంచి చూడండి. 1988 జూన్‌లో అలహాబాద్ లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. బోఫోర్స్ వ్యవహారం మీద కాంగ్రెస్‌ను వీడిన వి.పి. సింగ్ ఒకవైపు, కాంగ్రెస్ అభ్యర్థి సునీల్ శాస్త్రి మరోవైపు. మూడో అభ్యర్థిగా నాలుగేళ్ల కిందట బహుజన్ సమాజ్ పార్టీని స్థాపించిన కాన్షీరాం నిలబడ్డాడు. టీవీలో రాముడి వేషం వేసిన అరుణ్ గోవిల్ కాంగ్రెస్ తరఫున ప్రచారానికి వచ్చాడు. గెలిచింది సింగ్. కాన్షీరాం మూడో స్థానంలో ఉన్నా దాదాపు 70 వేల ఓట్లు తెచ్చుకుని రాజకీయ పరిశీలకులను ఉలిక్కిపడేలా చేశాడు. పంజాబ్ రోపడ్ జిల్లాలో పుట్టిన కాన్షీరాం అధికారంలో వాటా కోసం నిలబడిన ఆ వేసవిలోనే, అదే పంజాబ్‌లో అదే సామాజిక శ్రేణులకు చెందిన కార్మికులు కావ్యంలో వాటా కోసం నిలబడ్డారు. ఈ రెండింటినీ రెండు వేర్వేరు ప్రపంచాల సంగతులుగా చూడటం మన సామాజిక శాస్త్రాల అలవాటు. ఒకటి రాజకీయం, మరొకటి మతం అట. ఆ కార్మికుల ఇంట్లో అలాంటి గోడ ఉన్నదా అన్నది నాకు అనుమానమే. రెండు పోరాటాలనూ ముందుగానే పసిగట్టింది పాలక పక్షాలు. కొద్దికాలానికి, 1991 ఎన్నికల్లో సీత పాత్రధారిణి దీపికా చిఖ్లియా బరోడా నుంచి, రావణ పాత్రధారి అరవింద్ త్రివేది సాబర్‌కాంఠా నుంచి బీజేపీ సభ్యులుగా లోక్‌సభకు చేరారు. 2024లో మీరట్ నుంచి అరుణ్ గోవిల్ కూడా అదే పార్టీ తరఫున గెలిచాడు. వాల్మీకి పాత్ర వేసిన నటుణ్ని ఏ పార్టీ అయినా పిలిచి టికెట్టు ఇచ్చిందేమో విద్యార్థులు వెతకవచ్చు.

మనకు ఉత్తరకథ కొరత ఎన్నడూ లేదు. 1934 నాటి ‘లవకుశ’, దాన్ని రంగుల్లో తిరిగి తీసిన 1963 నాటి ‘లవకుశ’, బాపు 2011లో తీసిన ‘శ్రీరామరాజ్యం’ వరుసగా ఉన్నాయి. నాగయ్య, అక్కినేని ఆ వాల్మీకి పాత్రల్లో జనం మనసుల్లో నిలిచారు. 1988లో తెలుగు ఇళ్లలో ‘రామాయణ్’ పట్టాభిషేకంతో ముగిసినప్పుడు వెలితి అంతగా తోచకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. అయితే మన ‘లవకుశ’లో వేరొక కులం కథ నలిగింది. సంస్కృత ఉత్తరకాండలో సీత గురించి లోకం ఏమనుకుంటున్నదో రామునికి చెప్పేవాడు భద్రుడు. కూడళ్లలో, అంగళ్లలో పౌరులందరూ అనుకుంటున్నారని చెబుతాడు. ఆ నింద ఊరంతటిది. తరువాతి కథల్లో, నాటకాల్లో, సినిమాల్లో ఊరు తప్పుకుని ఒక్క చాకలి మిగిలాడు. భార్యను ఇంట్లోకి రానివ్వని, తాగిన, నోరు జారిన రజకుడి మాట మీద సీత అడవికి పోయింది. 1963 సినిమాలో రేలంగి, గిరిజ ఆ దంపతుల వేషాలు వేస్తే థియేటర్లు పగలబడి నవ్వాయి. అయోధ్య అగ్రవర్ణ పౌరుల అనుమానాన్ని మైలబట్టల మూటలా ఒక సేవక కులం నెత్తిన పెట్టి ఊరు శుభ్రపడింది. నేటికీ పల్లెల్లో రజకులు ఆ పాత నిందను చతురోక్తిగా వింటూనే ఉన్నారు. జలంధర్ కార్మికులకు ఉత్తరకాండ లేకపోవడం సమస్య. మన రజకులకు ఉన్న ఉత్తరకాండే సమస్య. ఒకే కథ మీద రెండు పీడిత కులాల ఫిర్యాదులు ఇలా ఎదురెదురుగా ఉండగలవు. కనుక ‘దళిత బహుజన దృష్టిలో ఉత్తరకాండ’ అని ఏకవచనంలో వ్యాసాలు రాసేవారు కొంత జాగ్రత్త పడాలి.

వాల్మీకి పేరు విషయంలోనూ అంతే. రాయలసీమలో వాల్మీకి బోయలు ఆ ఋషిని తమ మూలపురుషుడిగా భావిస్తారు. వారు వేటగాళ్లు, పాలెగాళ్ల సైనికులు; పంజాబ్ వాల్మీకుల చరిత్రకూ వారి చరిత్రకూ సంబంధం లేదు. మైదాన ప్రాంతంలో వారు వెనుకబడిన తరగతి, ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల ఏజెన్సీలో వాల్మీకులు షెడ్యూల్డు తెగ, పంజాబ్‌లో షెడ్యూల్డు కులం. ఒక్క కవి, మూడు జాబితాలు! 2019 సెప్టెంబరులో ‘వాల్మీకి’ అనే పేరుతో ఒక రౌడీ కథను తెలుగు సినిమాగా తీసినప్పుడు బోయలు అభ్యంతరం చెప్పారు. విడుదలకు ముందురోజు దాని పేరు ‘గద్దలకొండ గణేష్’గా మారింది. పత్రికల్లో చాలామంది దీన్ని భావప్రకటనా స్వేచ్ఛకు భంగమని, మనోభావాల గోల అని తేలిగ్గా తీసేశారు. సినిమా పేర్లపై ఆంక్షలు నాకూ సమ్మతం కావు. కాని ఆ కోపం వెనుక ఒక పాత గాయం ఉన్నది. వాల్మీకి మొదట దారిదోపిడి దొంగ అన్న కథ వాల్మీకి రామాయణంలో లేదు. అధ్యాత్మ రామాయణం వంటి తరువాతి గ్రంథాల ద్వారా ప్రచారంలోకి వచ్చింది. పంజాబ్‌లో కూడా ఒక హిందీ సీరియల్‌లోని ఇలాంటి సంభాషణపై కేసు నడిచింది. 2010లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఆ దొంగ కథకు ప్రాచీన ఆధారాలు లేవన్న విశ్వవిద్యాలయ పరిశోధనను పరిగణనలోకి తీసుకున్నది. బ్రాహ్మణేతరుడు కవి కావాలంటే ముందు దొంగ కావాలి, ఎవరో ఋషి వచ్చి మార్చాలి అన్న కథనాన్ని పిల్లల పాఠాల్లో నేర్పే సమాజం, ఆ కులం పిల్లవాడు తరగతిలో ఆ పాఠం ఎలా వింటాడో ఆలోచించదు.

సీత వైపు నుంచి ఈ ముగింపును చూడటం వేరొక వ్యాసం అవుతుంది. ఓల్గా ‘విముక్త’ కథల తరువాత తెలుగులో ఆ పని నిండుగా జరిగింది. ఒక్కటే గుర్తు చేస్తాను. ఉత్తరకాండలో మళ్లీ ప్రమాణం చేయమన్న సభకు సీత ఇచ్చిన జవాబు భూమిలోకి వెళ్లిపోవడం. సాక్షి వాల్మీకి మాటను ఆ సభ చాలదనుకున్నది. తన తపస్సంతా ఒడ్డి చెప్పిన కవి సాక్ష్యం కూడా రాజుకు సరిపోలేదన్న ఆ ఘట్టాన్ని, జలంధర్ కార్మికులు తెర మీద చూసినప్పుడు వారికి ఏమనిపించి ఉంటుంది? కింది కులాల సాక్ష్యం కోర్టుల్లో ఎలా వీగిపోతుందో కారంచేడు, చుండూరు కేసుల గమనం చూసిన మనకు ఊహించడం కష్టం కాదు.

కరోనా కాలంలో ఈ కథకు ఒక అనుబంధం చేరింది. దేశమంతా ఇళ్లకు తాళం పడిన 2020 మార్చి 28 నుంచి దూరదర్శన్ ‘రామాయణ్’ను తిరిగి ప్రసారం చేసింది. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7 కోట్ల 70 లక్షల మంది చూశారని, ఇది ప్రపంచ రికార్డని ప్రకటించుకున్నది. పట్టాభిషేకం పూర్తికాగానే ఈసారి ఎవరూ అడగకుండానే ‘ఉత్తర రామాయణ్’ మొదలైంది. ఇళ్లలో కూర్చుని దాన్ని చూసిన కోట్ల మందికి, అది ఎవరి సమ్మె ఫలమో తెలిసే అవకాశం లేదు. ఆ గంటల్లో వీధుల్లో ఉన్నది పోలీసులూ, చాలాచోట్ల సరైన మాస్కులు కూడా లేని పారిశుద్ధ్య కార్మికులూ. వారి మీద పూలు చల్లారు, చప్పట్లు కొట్టారు. అంతకు ఏడాది ముందు, 2019 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో ప్రధానమంత్రి ఐదుగురు సఫాయి కార్మికుల కాళ్లు కడిగారు. ప్రయాగ్‌రాజ్ అంటే 1988లో కాన్షీరాం పోటీ చేసిన అలహాబాదే. కాళ్లు కడిగించుకున్నంత మాత్రాన మ్యాన్‌హోల్‌లోకి దిగడం తప్పలేదు. బెజవాడ విల్సన్ వంటివారు దశాబ్దాలుగా పోరాడుతున్నా, 1993లో ఒక చట్టం, 2013లో మరొక చట్టం వచ్చినా, మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 2014లో 10 లక్షల పరిహారం నిర్ణయించిన సుప్రీంకోర్టే 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచవలసి వచ్చింది. చావులు ఆగి ఉంటే ఆ రేటు సవరించే పని కోర్టుకు ఉండేది కాదు.

1988 సమ్మె గురించి మనకు తెలిసినదంతా ఇతరులు రాసినదే. ఆ వేసవిలో చీపురు దింపినవారు ఏ సమావేశంలో ఏ మాటలతో ఆ నిర్ణయం తీసుకున్నారో, శంబూకుడి కథ తెలిసే ఆ కాండను కోరారో తెలియక కోరారో, వారి ఇళ్లలో ఆడవాళ్లు ఏమన్నారో నేను చదివిన గ్రంథాల్లో ఎక్కడా లేదు. ఆనాడు పాతికేళ్ల వయసున్న కార్మికునికి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. తెలుగు విశ్వవిద్యాలయాల్లో రామాయణం మీద పరిశోధనలకు కొదవ లేదు. జలంధర్‌కు రైళ్లూ ఉన్నాయి. అక్టోబరులో తొలి భాగం ప్రసారమైన రోజు వారు పనికి వెళ్లారా, సెలవు పెట్టి టీవీ ముందు కూర్చున్నారా అని ఎవరైనా వెళ్లి అడగాలి.